కలిస్తేనే టిక్కెట్టు

అక్షరాల్లో తప్పులుంటే సర్దుకుని చదువుకోండి. ఒత్తులు నాకు ఇప్పటికీ సరిగా లొంగవు. దీర్ఘం ఎక్కడ పెట్టాలో చెవికి తెలిసినంతగా చేతికి తెలియదు. రాయడం కూడా మెల్లగానే, ఒక పేజీకి ఒక పూట పడుతుంది. "నేను" అని మొదలుపెడితే కలం ముందుకు సాగడం లేదు, అందుకని "ఆమె" అని రాసుకుంటున్నాను. ఆలస్యానికి కూడా మన్నించాలి.

గుర్రప్పందేల గేలరీ రేకుల మీద వాన చప్పుడులో మైకువాడి గొంతు సగం మునిగిపోయింది. ఆఖరి పందెం ఒక గంట ఆలస్యం, నేల చూసి చెబుతాం, అన్నాడు. ఆమె పక్క సీటు మీద పెట్టిన గొడుగును ఎవరో కూర్చోబోతున్నట్టు ఇవతలికి జరిపింది, ఎవరూ రావడం లేదని గుర్తొచ్చి మళ్ళీ అవతలికి జరిపింది. జనం సగానికి సగం వెళ్ళిపోయారు. మిగిలినవాళ్ళు మెట్ల మీద అక్కడక్కడా, తడిసిన కాకుల్లా భుజాలు ముడుచుకుని కూర్చున్నారు. ఈ పందెంతో సీజను అయిపోతుంది. ఆయన పోయాక వచ్చిన మొదటి సీజను. ఇన్ని వారాలూ ఆయన చేసే పని, తను చేసే పని రెండూ తానొక్కతే చేసింది. ప్రతిసారీ ఇద్దరి ఎంపికా కలిసింది, ప్రతిసారీ ఓడింది. ఓడినందుకు కాదు బాధ, అన్నిటికన్నా చిన్న టిక్కెట్టు తప్ప ఏనాడూ కొన్నది లేదు. కలిసినప్పుడల్లా లోపల ఖాళీ బిందె మీద వేలితో కొట్టినట్టు ఒక చప్పుడు, అదే భరించలేకపోయింది. ఈ ఆఖరి పందెంలోనూ ఆ బిందె మోగితే ఇంక రాకూడదని పొద్దున ఇంటికి తాళం వేస్తూ అనుకుంది. రాకపోతే శనివారాలు ఏం చేసుకోవాలో తెలియదు. ఇంట్లో ఆయన లేడు. బతికుండగా కూడా ఇంట్లో ఆయన పెద్దగా ఉన్నట్టు ఉండేది కాదు, తిని, పడుకుని, రేడియో పక్కన కుర్చీలో ఒదిగిపోయేవాడు. మనిషి పూర్తిగా ఉన్నది ఇక్కడే, ఈ ఇనపస్తంభం పక్క వరసలో, మోకాళ్ళ మీద రేసు పుస్తకం పరుచుకుని. ఇక్కడికి రావడం మానేస్తే మిగతా ఆయన కూడా పోతాడు.

వాన వాలుగా వచ్చి ముందు వరసను తడుపుతోంది. దూరంగా పరుగుదారి పచ్చదనం మీద పొగలాంటి తెర. ఆయనైతే ఈ వానను చూసేవాడు కాడు, పుస్తకంలోంచి తల ఎత్తకుండా "తడి" అని ఒక్క మాట గొణిగి ఊరుకునేవాడు. తూనికల ఆఫీసులో ఉద్యోగం ఆయనది. అంగడి అంగడికీ తిరిగి త్రాసులు పరీక్షించి, తూకపు రాళ్ళ అడుగున ముద్ర కొట్టడం. పెళ్ళయిన కొత్తలో బజారుకు తీసుకెళితే కూరలమ్మేవాళ్ళు ఆయన్ని చూసి త్రాసు ముల్లు తుడుచుకునేవాళ్ళు, ఆమెకు నవ్వొచ్చేది, కొంచెం గర్వంగానూ ఉండేది. లోపల తొలిచి మైనం నింపిన దొంగరాయి ఒకటి ఇంటికి తెచ్చి ఆమె అరచేతిలో పెట్టి, "ఏమైనా తేడా తెలుస్తోందా?" అని అడిగాడు. తెలియడం లేదంది. "తెలుస్తుంది. చేతిని తొందరపెట్టకు" అన్నాడు. అలాంటి మనిషి గుర్రప్పందేలకు రావడం చూసి జనం ముక్కున వేలేసుకున్నారు గానీ, ఆయన వచ్చింది గుర్రాల కోసం కాదు, తూకం కోసం. ఏ గుర్రం ఎంత బరువు మొయ్యాలో ముందే నిర్ణయిస్తారు. బాగా పరిగెత్తేదాని మీద ఎక్కువ, చేతకానిదాని మీద తక్కువ, జాకీ బరువు చాలకపోతే జీను కింద సీసపు పలకలు. అన్నీ ఒక్కసారే గమ్యం దగ్గరికి రావాలని ఒక ఆఫీసరు కూర్చుని లెక్క వేస్తాడు. "చూశావా, వాడూ నాలాంటి ఉద్యోగే," అనేవాడు, ఆ ఆఫీసరు ఏదో తన పక్క బల్ల మీద పనిచేసేవాడైనట్టు. "అందరూ సమానం కావాలని వాడి తాపత్రయం. ఎంత తాపత్రయపడినా ఎక్కడో ఒకచోట వాడి చెయ్యి వణుకుతుంది. ఆ వణుకు ఎక్కడుందో పట్టుకోవడమే మన పని." ఓడిపోయి ఓడిపోయి బరువు తగ్గించుకున్న పాత మంచి గుర్రం, అదీ ఆయన వెతికేది. ఎప్పుడో ఎక్కువ సీసం మోసి, ఇదే దూరం, బాగా పరిగెత్తి, తర్వాత ఏ దగ్గో ఏ నొప్పో వచ్చి వెనకబడితే, ఆఫీసరు జాలిపడి పలకలు తీసేస్తాడు. గుర్రానికి దగ్గు తగ్గిన సంగతి ఆఫీసరుకు చేరదు. ఆ సంగతి పుస్తకంలో ఏ మూలో ఉంటుంది, వెతుక్కోవాలి.

కానీ గుర్రాన్ని మాత్రం చూసేవాడు కాడు. నిగనిగలాడేదాన్ని చూస్తే మనసు జారిపోతుందట. పందేనికి ముందు గుర్రాల్ని గుండ్రంగా నడిపించే ఆవరణ గేలరీ వెనక ఉంది, ప్యాడాకంటారు. దానివైపు వీపు పెట్టి కూర్చుని, "ఇదిగో, నువ్వెళ్ళి చూసిరా" అనేవాడు. ఆమె వెళ్ళి కంచె పట్టుకుని నిలబడేది. ఆమెకు అక్షరం ముక్క రాదు, అంకెలు కూడా జాకీల టోపీల రంగులతో కలిపి గుర్తుపెట్టుకునేది. కానీ నడక తెలుసు. ఎముకల వార్డులో ఆయా ఆమె. కట్టు విప్పిన మనిషి మంచం దిగి మొదటి అడుగు వేస్తుంటే, నొప్పి నోటితో చెప్పేలోపే తుంటిలో కనిపించేది. బాగుందని చెప్పేవాడి మడమ నేలను తాకీ తాకనట్టు తాకేది. గుర్రమైనా అంతే. వెనక కాలు ముందు కాలి ముద్రను దాటి పడుతోందా, మెడ ఊగుతోందా బిగుసుకుందా, చెమట మెడ మీద పట్టిందా తొడల మధ్య నురగ కట్టిందా, చెవులు నడిపించేవాడి మాట వింటున్నాయా ఎక్కడో ఉన్నాయా. చూసి, ఒకదాన్ని మనసులో పట్టుకుని, దారిలో ఇంకెవరి మాటా చెవిన పడకుండా పైకి వచ్చేది. ఈలోగా ఆయన తన గుర్రం పేరు కింద బొటనవేలి గోటితో ఒక గీటు పెట్టి పుస్తకం మూసేవాడు, ఆమె మాట విన్నాక మార్చుకోవడానికి లేకుండా. "ఊఁ, ఏది?" "తెల్లకాళ్ళది, పసుపు టోపీ." పుస్తకం తెరిచేవాడు. ఆ గీటు దాని కిందే ఉంటే "కలిసింది" అనేవాడు, లేకపోతే "కలవలేదు". కలిస్తేనే టిక్కెట్టు. కలవకపోతే ఎంత ఊరించే గుర్రమైనా సరే, చేతులు కట్టుకుని కూర్చుని చూడ్డమే. చాలా శనివారాలు అలా చూడ్డంతోనే గడిచిపోయేవి. టిక్కెట్టు లేని పందెంలో వాళ్ళిద్దరూ పడినంత పోట్లాట టిక్కెట్టున్నవాళ్ళు కూడా పడేవాళ్ళు కాదు.

"చెల్లెమ్మా, ఇంకా బావగారి లెక్కేనా, సొంతది ఏమైనా మొదలుపెట్టావా?"

వెనక మెట్టు మీద స్టీరింగు. బస్సు నడిపి రిటైరైనవాడు, కూర్చున్నప్పుడు కూడా రెండు చేతులూ గాలిలో చక్రం పట్టుకున్నట్టే ఉంటాయి, అందుకని అందరూ ఆ పేరే పిలుస్తారు. జేబులోంచి వేయించిన గింజలేవో నోట్లో వేసుకుంటున్నాడు.

"మీదేం లెక్క అన్నయ్యగారూ?"

"నాదా? జాకీ పెళ్ళాం ఊళ్ళో ఉందా లేదా, అదొక్కటే చూస్తాను. ఉంటే గుర్రం మెల్లగా నడుస్తుంది, వాడికి ఇంటికి పోవాలని ఉండదుగా."

"మరి ఏళ్ళ తరబడి ఓడుతున్నారు."

"పెళ్ళాలు మాటమీద నిలబడరమ్మా. వెళ్తానంటారు, వెళ్ళరు" అని తనే పడీపడీ నవ్వి, నవ్వు మధ్యలో గొడుగున్న సీటు చూసి ఆపేశాడు. "బావగారుంటే ఈ ముక్కకి నన్ను చీల్చి చెండాడేవాడు."

చీల్చి చెండాడేవాడు కాదు, వినిపించనట్టు పేజీ తిప్పేవాడు. అందరికీ ఆయన గురించి ఎవరి జ్ఞాపకం వాళ్ళకుంది, అందులో ఆయన కొద్దిగా బరువు తేడాగా ఉంటాడు. ఒళ్ళో రేసు పుస్తకం చెమ్మకు మెత్తబడి అట్ట వంకరపోయింది. ఇప్పుడు ఆ పుస్తకం చదవగలదు. ఆయన పోయాక పక్కింటి కోడలు నేర్పింది, వంటింటి గడప మీద కూర్చోబెట్టి, బియ్యం ఏరుకుంటూ. "ముందు ఏం చదవాలని ఉంది అత్తయ్యా, పత్రికా, భక్తి పుస్తకమా?" అంటే "గుర్రాల పుస్తకం" అంది. ఆ పిల్ల చేట కింద పెట్టి మొహం మీద కొంగు కప్పుకుని నవ్వింది. తర్వాత నవ్వడం మానేసి గుర్రాల పుస్తకంతోనే నేర్పింది. ఆమె మొట్టమొదట కూడబలుక్కుని చదివిన మాట "కళ్ళగంతలు". పక్కలకు చూడకుండా గుర్రానికి కట్టేవి. ఆ రోజు గోడల మీద, సబ్బు కాగితాల మీద, మందు సీసాల మీద ఉన్న రాతలన్నీ ఒక్కసారి తలుపులు తీసినట్టయింది. ఇంత ఉందా లోపల అనిపించింది. ఇంత ఉంచుకుని ఇన్నాళ్ళూ చెప్పలేదా అనీ అనిపించింది. ఎందుకంటే ఆమె ఒకసారి ఆయన్ని అడిగింది. వయసులో ఉన్నప్పుడే, ఇదే మెట్ల మీద. "నాకూ ఆ చదవడమేదో నేర్పకూడదూ?" ఆయన చాలాసేపు ఆలోచించి, "నువ్వూ చదివితే మనం ఒకళ్ళమే అయిపోతాం" అన్నాడు. అప్పుడు అదేదో ముద్దు మాటలా వినిపించి ఊరుకుంది. ఆ రాత్రి పక్క దులుపుతుంటే ముల్లులా గుచ్చుకుంది. తనకు అన్నం వండిపెట్టేదానికి చదువెందుకనా? తన చెయ్యి పైన ఉండాలనా? ఏళ్ళు గడిచినా ఆ ముల్లు తియ్యలేదు, పొయ్యేముందు అడుగుదామనుకుంది. అడిగే వ్యవధి ఇవ్వకుండా పోయాడు. అది నిజంగా లెక్క కోసం అన్న మాటో, లెక్క వెనక దాక్కున్న మాటో ఇప్పుడు చెప్పేవాళ్ళు లేరు. రెండూ అయ్యుండొచ్చు. మనుషుల్లో రెండూ ఉంటాయి.

వాన కొంచెం సన్నబడింది. చినుకుల మధ్య ఖాళీలు కనిపిస్తున్నాయి. పరుగుదారి మీద ఒక మనిషి గమ్‌బూట్లతో నడుస్తూ కర్ర నేలలోకి దించి పైకి తీస్తున్నాడు. డాక్టరు ఆయన పాదాన్ని సూదితో అలాగే తాకి "ఇక్కడ తెలుస్తోందా? ఇక్కడ?" అని అడిగాడు. ఆ సంగతి తలుచుకోకూడదని ఎన్నిసార్లు అనుకున్నా ఈ మెట్లే గుర్తుచేస్తాయి. ఈ మెట్లెక్కుతుంటేనే ఆమె చూసింది. ఆయన ఎడమ పాదం మెట్టు అంచును చిన్నగా, చీర అంచు నేలను తాకినంత చిన్నగా, రాసుకుంటూ పైకి లేచింది. రెండో వారం కూడా అదే. "ఏమండీ, మీ ఎడమకాలు ఈడుస్తోంది" అంది. "చెప్పు కొత్తది." చెప్పు మార్పించింది, అయినా ఈడ్చింది. ఆస్పత్రికి లాక్కెళ్ళింది. రక్తం తీశారు, ఫొటోలు తీశారు, కాగితాలిచ్చారు. అన్నిట్లో బాగానే ఉందని రాసి ఉందని ఆయన వరసగా చదివి వినిపించాడు. "కాగితాల్లో ఉన్నది కాగితాల్లో ఉంది. నా కంటికి బాగాలేదు" అంది ఆమె. ఇంకో పెద్ద డాక్టరున్నాడు, తలలోపల చూసేవాడు, అక్కడికి పోదామంది. ఆయన కాగితాలు మడిచి, నవ్వి, "ఇదిగో, నీదీ పుస్తకానిదీ కలవలేదు కదా. కలవనప్పుడు ఏం చేస్తాం? చూస్తాం" అన్నాడు. ఆమెకూ నవ్వొచ్చింది. ఏం చేస్తుంది, అది ఇద్దరి కట్టుబాటు. ఆ కట్టుబాటుతో వాళ్ళు ఒక్కనాడూ పెద్దగా దెబ్బతిన్నది లేదు. కలవనప్పుడు ఏమీ చెయ్యకపోవడం అనేదే వాళ్ళ సంసారంలో ఉన్న తెలివంతా. చేతులు కట్టుకుని చూశారు. చూస్తుండగానే ఒక పొద్దున పళ్ళు తోముకుంటూ ఆయన కుళాయి దగ్గర పక్కకు ఒరిగిపోయాడు.

అప్పటినుంచి "కలవలేదు" అన్న మాట ఆమె నోట రాలేదు.

పంటికింద రాయిలా ఆ మాట ఎప్పుడూ అక్కడే ఉంది. ఇప్పుడు ఆమె ఉలిక్కిపడి వీపు నిటారు చేసింది. నాలుకకు దాని అంచు తగిలింది. అప్పటినుంచి ఆ మాట రాలేదు. ఈ సీజనంతా ప్రతి పందేనికీ "కలిసింది, కలిసింది" అనే అనుకుంది. ఎలా కలుస్తుంది అన్నిసార్లు? ఆయనుండగా పదింటిలో రెండు కూడా కలిసేవి కావు. పుస్తకం చదివేటప్పుడు ఆయన గొంతుతో చదువుతోంది, అది తెలుసు, కావాలనే అలా చదువుతోంది, ఆయన గొంతు వినడానికి అదొక్కటే చోటు. బరువు దిగిందా, ఇదే దూరమా, ఏ జాకీ, ఏ గేటు. ఒకదాని కింద గోటితో గీటు పెట్టి, తర్వాత ప్యాడాకుకు వెళ్ళి చూస్తోంది. చూస్తోందా? ఆ గీటు పెట్టినదాన్ని వెతుక్కుంటోంది. అది రాగానే గుండె కుదుటపడుతోంది. దాని వెనక కాలు కురచగా పడుతున్నా, ఆఁ, చిన్న గుర్రం కదా, అలాగే పడుతుంది అని సర్దిచెప్పుకుంటోంది. మెడ బిగుసుకుంటే హుషారు అనుకుంటోంది. కలవాలి, కలిసి తీరాలి, కలవకపోతే చేతులు కట్టుకుని కూర్చోవాలి, చేతులు కట్టుకుని కూర్చుంటే మళ్ళీ ఎవరో కుళాయి దగ్గర ఒరిగిపోతారు. ఒరిగిపోవడానికి ఇంకెవరూ లేరు, అయినా భయం. చదవడం వచ్చాక చూడడం పోయిందేమోనని కొన్ని వారాలుగా బెంగపడింది, నేర్చుకున్న అక్షరాల మీదే కోపగించుకుంది. అక్షరాల తప్పేమీ లేదు. రెండు పనులూ ఆయనకే ఇచ్చేసింది. తన కళ్ళ మీదికి ఆయన్ని తెచ్చి కూర్చోబెట్టింది. బిందె మోగక ఏం చేస్తుంది, అందులో ఉన్నది ఆయన కాదు, ఆయన్ని అనుకరిస్తున్న తను. ఒక మనిషి రెండు గొంతులతో ఔననుకోవడం. ఆయన ఎన్నడూ ఆమెతో అంత తేలిగ్గా ఔనన్నవాడు కాడు.

మైకు గొంతు సవరించుకుంది. పందెం ఉంది. గుర్రాలు ప్యాడాకులోకి వస్తున్నాయి.

ఆమె పుస్తకం తెరవలేదు. ముందు చూడాలి. పుస్తకాన్ని సంచిలో అడుగున, మంచినీళ్ళ సీసా కింద పెట్టి, మెట్లు దిగి వెనక్కి వెళ్ళింది. కంచె ఇనుము తడిగా, చల్లగా ఉంది. గుర్రాల వీపుల మీదనుంచి ఆవిరి లేస్తోంది. తడిసిన తోలు వాసన, గడ్డి వాసన, ఇంకా ఏదో వెచ్చటి పాత వాసన, చిన్నపిల్లల తలల దగ్గర వచ్చేలాంటిది. ఆమె టోపీలు చూడలేదు, కాళ్ళే చూసింది. ఒకటి, నల్లది, బురద తగిలినప్పుడల్లా గిట్ట విదిలిస్తోంది, పట్టుచీర కట్టుకుని నీళ్ళలో నడిచేదానిలా. ఒకటి చెవులు వెనక్కి పెట్టి లోకంతో తగువులో ఉంది. ఇంకొకటి, బూడిదరంగుది, బాగానే నడుస్తోంది, తప్పు పట్టడానికి లేదు, మెచ్చుకోవడానికీ లేదు. సన్నగా, నెమ్మదిగా, ఆఫీసుకు పోయే గుమాస్తాలా. దాన్ని దాటి చూపు పోయింది. ఆ వెనక ఎర్రది వచ్చింది. వెడల్పాటి గిట్టలు, బురదలో పళ్ళెం బోర్లించినట్టు మెత్తగా పడుతున్నాయి. వెనక కాలు ముందు ముద్రను దాటి, ఇంకా ముందుకు. మెడ తీరుబడిగా ఊగుతోంది. వాన దాని మొహం మీద పడుతుంటే కళ్ళు సగం మూసి హాయిగా ఉంది. ఎముకల వార్డులో ఎప్పుడో ఒకసారి, నెలల తరబడి పడుకున్న మనిషి ఒక పొద్దున అలా లేచి కిటికీ దాకా నడిచిపోయేవాడు, వార్డంతా చప్పట్లు కొట్టేది. అలా ఉంది. ఆమె చేతులు వాటంతటవే కంచె మీద తట్టాయి. చాలాకాలం తర్వాత ఆమె ఒక గుర్రాన్ని చూసింది.

పైకి వచ్చి, కూర్చుని, అప్పుడు పుస్తకం తీసింది. ఆయన చదివినట్టు, నిజాయితీగా చదివింది. ఎర్రది కావాలని ఎర్రదాని వైపు త్రాసు నొక్కకుండా, ముల్లు దానంతటది నిలబడేదాకా ఆగి. ఎర్రదానికి అన్నిటికన్నా ఎక్కువ బరువు. పోయిన మూడు పందేల్లో రెండు గెలిచింది, ఆఫీసరు ఊరుకుంటాడా, పలక మీద పలక పెట్టాడు. తడి నేల మీద ఒకసారి పరిగెత్తింది, రెండోదిగా వచ్చింది. బూడిదరంగుదానికి అన్నిటికన్నా తక్కువ. రెండేళ్ళ కిందట ఇదే దూరం చాలా ఎక్కువ మోసి గెలిచింది. తర్వాత వరసగా వెనకబడింది. బరువు దిగింది, దిగింది, అడుగుకు చేరింది. పోయిన పందెంలో నాలుగోది, చివర్లో ముందుకు వస్తూ. దగ్గు తగ్గింది. ఆఫీసరుకు ఆ సంగతి తెలియదు. ఆయనైతే ఇక్కడ పేజీ మీద వేలుపెట్టి ఆగిపోయేవాడు. ఊపిరి మెల్లగా ముక్కుతో వదిలేవాడు. ఏ అనుమానమూ లేదు, ఆయనది బూడిదరంగుదే.

తనది ఎర్రది.

భయం వచ్చింది. బూడిదరంగుది బాగానే నడిచిందిగా, తప్పేముంది దానిలో, అని లోపల ఒకామె అప్పుడే సర్దడం మొదలుపెట్టింది. కంచె దగ్గరికి ఇంకోసారి వెళ్ళిరావే, సరిగా చూడలేదేమో. ఆమె లేవలేదు. సంచి ఒళ్ళో గట్టిగా పట్టుకుంది. కాసేపటికి లేచి, టిక్కెట్ల కిటికీ దగ్గరికి వెళ్ళింది. ఎందుకు వెళ్ళిందో తెలియదు, కాళ్ళకు అలవాటు. కిటికీలో కూర్చునే కుర్రగుమాస్తా అప్పటికే మిషను మీద వేలు పెట్టి ఉంచాడు.

"రండి పిన్నిగారూ, ఆఖరిది. మీ నంబరు చెప్పండి, చిన్నదేగా?"

"వద్దు బాబూ. కలవలేదు."

మాట బయటికి వచ్చేసింది. గొంతులో ఎక్కడా తట్టుకోకుండా వచ్చింది. కిటికీ అద్దం మీద చిన్న ఆవిరి మరకగా నిలిచి, చెదిరిపోయింది.

"ఏం కలవలేదండీ?"

"మీ బాబాయిగారిదీ నాదీ."

అతను వేలు మిషను మీదనుంచి తీసి, ఆమె వెనక్కి తొంగి చూశాడు. ఎవరూ కనిపించకపోయేసరికి, "అయితే కూర్చుని చూడండి పిన్నిగారూ, పైన తడవని చోటు చూసుకుని" అన్నాడు. మంచివాడు.

టిక్కెట్టు లేని చేతులు రెండూ తేలిగ్గా ఉన్నాయి. ఆమె చేతులు కట్టుకుని కూర్చుంది. గేట్లు తెరుచుకున్నాయి, దూరంగా బురద ఒక గోడలా లేచింది, మొదట ఏది ఏదో తెలియలేదు, అన్నీ ఒకే మట్టిరంగు. మలుపు దగ్గర ఎర్రది బయటపడింది. అదే నడక, ఇప్పుడు పరుగై, పొడుగ్గా, హాయిగా. వెనక స్టీరింగు లేచి చక్రం తిప్పుతూ ఎవరినో తిడుతున్నాడు. "చూశారా," అంది ఆమె పక్క సీటుతో, పైకే అంది, "చూశారా దాన్ని, మీ సీసం ఎంత పెడితే మాత్రం!" ఎర్రది ముందుంది, ఇంకా ముందుంది, ఆఖరి తిన్నటి దారిలోకి వచ్చింది, అప్పుడు చూసింది ఆమె. ప్రతి అడుగుకూ గిట్ట కొంచెం ఎక్కువ లోపలికి దిగుతోంది, తీసుకోవడానికి కొంచెం ఎక్కువ సేపు పడుతోంది. బురద పలకల్ని పట్టుకుని కిందికి లాగుతోంది. గేలరీ వైపు అంచున, ఎవరూ చూడనిచోట, బూడిదరంగుది బురద మీద ఏమీ ఎరగనట్టు, ఆఫీసుకు ఆలస్యమైన గుమాస్తాలా తలవంచుకుని వస్తోంది. వచ్చింది. మెడ పక్కన మెడ. గమ్యం గుంజ దాటేసరికి ఒక మెడ పొడుగు ముందుంది.

"అయ్యయ్యో!" అని ఆమె గట్టిగా అరిచింది. ముందు వరసలోవాళ్ళు వెనక్కి తిరిగారు.

"ఎంత పోయింది చెల్లెమ్మా?" అన్నాడు స్టీరింగు.

"ఏమీ పోలేదు. ఆయన గెలిచాడు" అంది, చెంపలు మండిపోతుండగా.

బస్సులో కూడా ఆ మంట చల్లారలేదు. ఆయన పోయిన నాటినుంచి ఏడుపొచ్చింది, నీరసమొచ్చింది, కోపం మాత్రం రాలేదు, ఎవరి మీద వస్తుంది. ఇప్పుడు ఒళ్ళంతా వచ్చింది. తడిలో బరువు రెండింతలు లాగుతుందని ఒక్కసారైనా చెప్పారా నాకు? "తడి" అని గొణిగి ఊరుకుంటే సరా? నేర్పమని అడిగితే నేర్పలేదు, నేనే నేర్చుకుని వస్తే ఒక మెడతో కొడతారా? అయినా కాలు ఈడుస్తోందన్నది నేను కాదూ? దానిలో ఎవరిది నెగ్గింది? చెప్పండి, ఎవరిది నెగ్గింది? పెదవులు కదులుతున్నట్టున్నాయి, ఎదుటి సీటులో పూలగౌనావిడ చూపు తిప్పుకుంది. తిప్పుకోనీ. వచ్చే సీజనుకు ఎర్రదాని మీద పలకలు తీస్తారు, అప్పుడు చూస్తాను మీ సంగతి. బస్సు గుంతలో పడి లేచింది, కిటికీ అద్దం మీద నీళ్ళు అడ్డంగా జారాయి. ఆయన జవాబు చెప్పలేదు. తనది నెగ్గి ఆమెది ఓడిన రోజున ఎప్పుడూ అంతే, ఆమె ఎంత సాధించినా, ఎన్ని మాటలన్నా, ఇల్లు చేరేదాకా నోరు విప్పేవాడు కాడు. కిటికీవైపు తిరిగి, బయట చూడ్డానికేమీ లేకపోయినా చూస్తూ కూర్చునేవాడు. ఆయన పోయాక ఆమె ఇంట్లోనూ బయటా విన్న నిశ్శబ్దాల్లో, ఇదొక్కటే ఆమెకు తెలిసిన నిశ్శబ్దం.

— తూకాలాయన భార్య, ఎముకల వార్డు ఆయా. వయసు అరవై ఎనిమిది. ఇప్పుడు ఉంటున్నది బేకరీ మేడ మీద, వెనకవైపు గదిలో.